మా అల్లుడినీ మా కొడుకునీ ఒకే విమానంలో కూర్చోబెట్టవద్దని

విమాన భద్రతాధికారి గారి సముఖమునకు,
మందమర్రి కాలనీ వాస్తవ్యుడు, బొగ్గుగని టైమాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన లక్ష్మీరాజం మిక్కిలి భయముతో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కెప్టెన్ ప్రేమ్‌సాగర్ (నా అల్లుడు), కో-పైలట్ నిరంజన్ (నా కొడుకు) అను ఇరువురు వచ్చే గురువారం హైదరాబాద్ నుంచి కాశీకి ఒకే విమానం నడపకుండా ఉత్తర్వులు ఇప్పించుట గురించి, మరియు సదరు ఉత్తర్వులు నా అర్జీ మీద వచ్చినవని సదరు అల్లుడికి తెలియకుండా చూచుట గురించి.

ముందుగా నా గురించి ఒక మాట. మా కాలనీలో నల్లా రాకపోయినా, క్వార్టరు కప్పు కారినా, పింఛను ఆగినా అర్జీ రాసేది నేనే. ఎవరి కష్టమైనా నాకు వచ్చిన నాలుగు ముక్కల్లో పెట్టి అధికారి బల్ల మీదికి పంపగలను. నా ఇంటి సంగతి అర్జీలో పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి, కొట్టివేతలు ఎక్కువున్నాయి. దస్తూరీ బాగా లేకుంటే మన్నించగలరు.

1. నాకు కూతురు వనిత, కొడుకు నిరంజన్. వనితను ఇచ్చిన అల్లుడు ఒక ప్రైవేటు విమాన సంస్థలో కెప్టెన్. అందరూ భూమి కిందికి దిగి పనిచేసే మా ఊరికి ఆకాశంలో పనిచేసే అల్లుడు వచ్చాడని మేము చాలా రోజులు నేల మీద నడవలేదు. "నిరంజన్‌కు ధైర్యమున్నది మామా, వాన్ని నాకు అప్పజెప్పుండ్రి" అని పట్టుబట్టి వాడిని ఆ చదువులో పెట్టిందీ ఆయనే. వాడు ఈమధ్యనే అదే సంస్థలో కో-పైలట్‌గా చేరాడు. అల్లుడు తాగరు, తిరగరు, నా బిడ్డను పల్లెత్తు మాట అనరు. ఈ అర్జీ ఆయన మీద ఫిర్యాదు కాదు. తమరు అట్లా అనుకుంటే నా బిడ్డ ముఖం నేను చూడలేను.

2. ఇట్లుండగా అత్తామామలను కాశీకి పంపాలని అల్లుడు గారు సంకల్పించారు. మేము ఎన్నడూ విమానం ఎక్కినవాళ్లం కాము. అంతవరకు సంతోషమే. తరువాత ఫోనులో ఇంకో మాట చెప్పారు. "మామా, అసలు ముచ్చట ఇప్పుడు చెప్తున్న. ఆ రోజు విమానం నడిపేది నేనే. పక్క సీట్ల మన నిరంజన్ ఉంటడు. ఆఫీసుల అడిగి మరీ ఇద్దరం కలిసి డ్యూటీ ఏయించుకున్నం. మీరు వెనుక దర్జాగ కూసోండ్రి."

నా భార్య సరోజన ఈ సంగతి వాడవాడా చెప్పి వచ్చింది. నేను "చాలా సంతోషం అల్లుడు గారూ" అని ఫోను పెట్టేసి, అరుగు మీదికి పోయి కూర్చున్నాను. వాళ్లిద్దరూ కలిసి ఇంతకుముందు ఎన్నడూ విమానం నడపలేదు. ఆ మొదటిసారికి వెనుక మనుషులు నిండా ఉంటారు.

3. భయానికి కారణం తమరికి చెప్పాలి. మా ఇంట్లో అల్లుడి తప్పు అల్లుడికి చెప్పే ఆచారం లేదు. మా నాయన ఆయన అల్లుడికి చెప్పలేదు, నా మామ నాకు చెప్పలేదు. కాళ్లు కడిగి కన్యాదానం చేసిన మనిషిని పట్టుకొని "ఇది తప్పు" అంటే ఆ కాళ్లు కడిగినట్టు ఎట్లా అవుతుంది అని మా పెద్దల లెక్క. పోయిన దసరాకు అల్లుడు గారు ముచ్చటపడి మటన్ కూర తానే వండారు. ఉప్పు వేసి, వేసింది మరిచిపోయి మళ్లీ వేశారు. వేస్తుండగా వంటింట్లో సరోజన ఉన్నది, వనిత ఉన్నది, ఉల్లిగడ్డలు కోస్తూ నేనున్నాను. ముగ్గురమూ చూశాం. ఒక్కరూ నోరు విప్పలేదు. కూర నోట్లో పెట్టుకోలేక మేమంతా "బ్రహ్మాండం" అన్నాం. నిరంజన్ అయితే మారు వడ్డించుకున్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా కడవలో నీళ్లు మిగలలేదు. అల్లుడు గారు మాత్రం నాలుగు ముద్దలు తిని, "జర ఉప్పు ఎక్కువైనట్టున్నది?" అని అడిగారు. "లేదు లేదు" అన్నాం.

కూర సంగతి నవ్వి ఊరుకోవచ్చు. విమానం కూర కాదని తమరికి నేను చెప్పనక్కర లేదు.

4. బావా బామ్మర్దులంటే పరాచికాలు ఆడుకుంటారు కదా, వీళ్లకు అంత బిడియం ఎందుకని తమరు అడగవచ్చు. ఆడుకుంటారు. నిరంజన్ ఆయన బట్టతల మీద జోకులు వేస్తాడు, ఆయన వీడి పెళ్లి మీద వేస్తారు. జోకుల వరకు వాడికి అడ్డు లేదు. పని దగ్గరికి వచ్చేసరికి ఆయన వాడికి దారి చూపిన గురువు, అక్క మొగుడు, ఇంటికి ఒక్కగానొక్క అల్లుడు, ఇప్పుడు కెప్టెన్. ఇన్ని పెద్దరికాలు ఒకే మనిషి మీద పడితే వాడి గొంతు ఎక్కడి నుంచి లేస్తుంది? పైగా వాడిని "పెద్దలకు ఎదురు చెప్పడు, బంగారం" అని ఊరంతా మెచ్చుకునేది. ఇప్పుడు నాకు భయమేసేది ఆ మెచ్చుకోలుకే.

5. వాగు సంగతి రాయకుండా ఉందామనుకున్నాను. రాయకపోతే తమరు నమ్మరు. ఈ వానాకాలం మనవరాలి పుట్టువెంట్రుకలకు కొండగట్టు పోయి వస్తున్నాం. పెద్ద రోడ్డు మీద ఏదో మరమ్మతు ఉన్నదని అల్లుడు గారు కారును లోపలి దారికి తిప్పారు. నిరంజన్ ముందు సీట్లో ఆయన పక్కన. వెనుక నేను, సరోజన, ఒళ్లో పాపతో వనిత. కొంత దూరం పోయేసరికి వాగు అడ్డం వచ్చింది. కల్వర్టు మీది నుంచి ఎర్రనీళ్లు పారుతున్నాయి. రోడ్డు ఎక్కడుందో తెలియదు. అటూ ఇటూ పాతిన రాళ్ల నెత్తులు మాత్రం కనబడుతున్నాయి.

"గింతే నీళ్లు. మెల్లగ పోతే పోతది" అన్నారు అల్లుడు గారు.

పోదని నాకు తెలుసు. సరోజనకు తెలుసు, నా మోకాలు పట్టుకొని గోళ్లు దింపింది. అప్పుడు కారులో ఎవరెవరు ఏమేమి అన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నేను "ఈసారి వానలు మంచిగనే కొట్టినయి" అన్నాను. సరోజన "ఆంజనేయా" అన్నది. వనిత "బిడ్డకు ఆకలైతున్నట్టుంది, జర ఆగుదామా" అన్నది. నిరంజన్ "బావా, ఎనుక హోటల్ కనబడ్డది, ఛాయ్ తాగుదామా?" అన్నాడు. అందరం ఆపమనే అన్నాం సార్. ఆపమని మాత్రం ఎవరమూ అనలేదు. ఆయన కారును నీళ్లలోకి దించారు.

అప్పుడు గట్టు మీద బర్లు మేపుతున్న ఒక ముసలామె, పేరు బాలవ్వ అని తరువాత తెలిసింది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చి, బానెట్ మీద కట్టెతో ఒక్కటి వేసింది. "కండ్లు పోయినయారా నీకు? పసిపిల్లనేసుకొని ఎటు పోతున్నవ్? మొన్న గీడనే ట్రాక్టర్ కొట్టుకపోయింది! ఎనుకకు తియ్యి, తియ్యంటున్నగద!"

అల్లుడు గారు ఒక్క మాట అనకుండా వెనక్కి తీశారు. కోపం కూడా రాలేదు. దిగి ఆమెకు దండం పెట్టి "నీ పున్యాన బతికినం అవ్వా" అన్నారు. కారు తిప్పుకొని వస్తుంటే సరోజన ఏమన్నదో తెలుసా సార్? "ఎంత మాట! అల్లున్ని పట్టుకొని ఏరా పోరా అంటదా, మర్యాద తెల్వని మనిషి" అన్నది. నేను కూడా తల ఊపాను.

ఇంకా భయంకరమైనది ఆ తరువాత ఉన్నది. పెద్ద రోడ్డు ఎక్కాక అల్లుడు గారు అద్దంలో నా వంక చూసి అడిగారు. "మామా, గంత నీళ్లున్నయని మీకెవ్వలికీ కనబడలేదా? ఎవ్వలూ ఏమన్లేదంటే మంచిగనే ఉన్నదనుకున్న."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. ఎవరూ ఏమీ అనకపోతే అంతా బాగున్నట్టేనని ఆయన నమ్మకం. మమ్మల్ని నమ్మి ఆయన ముందుకు పోతారు. ఆయన ఏనాడూ మా నోళ్లు మూయలేదు, మేమే మూసుకున్నాం.

"చీకటి పడ్డది గద, కండ్లకు సరిగ ఆనలేదు" అన్నాను. అప్పటికి ఇంకా ఎండ పోలేదు.

6. కాశీ మాట వచ్చినప్పటి నుంచి నేను విమాన ప్రమాదాల గురించి ఫోనులో చదువుతున్నాను. చదవకుండా ఉండవలసింది. అంతవరకు నేను విమానం కూలితే రెక్కో, ఇంజనో పాడై కూలుతుందనుకున్నాను. మిషను పాడైతే మెకానిక్కు ఉన్నాడు కదా అనే ధైర్యం ఉండేది. ఎక్కువగా మానవ తప్పిదం, మానవ తప్పిదం అని రాసి ఉన్నది. నిరంజన్‌ను అడిగితే వాడూ దాచలేదు. "నిజమే బాపు. మిషన్ మంచిగనే ఉంటది. కెప్టెన్ ఒకటి అనుకుంటడు, పక్కనోనికి తప్పని తెలుస్తది, గట్టిగ చెప్పడు. గట్ల పడిపోయినయి ఉన్నయి. మాకు క్లాసుల గవే చెప్తరు" అన్నాడు.

సార్, తెలిసి కూడా చెప్పని మనిషి పక్కన ఉండగా విమానం నేలకు తగలడమంటే ఏమిటో నేను ఊహించుకోలేను అని రాయాలి, కానీ ఊహించుకుంటూనే ఉన్నాను. విమానం నడిపే ఆ గదిలో వాగు నీళ్లు ఉండవు, బాలవ్వ ఉండదు. అల్లుడు గారు "గింతే మబ్బు, పోతది" అంటారు. మావాడు "బావా, ఛాయ్ తాగుదామా" అంటాడు. మా మీదుగా ఆకాశంలో చప్పుడైతే చేతిలో ఉన్నది కింద పెట్టి, అది పూర్తిగా పోయేదాకా నిలబడుతున్నాను. వెనుక సీట్లలో కూర్చునేవాళ్లకు మా ఇంటి మర్యాదలు తెలియవు. వాళ్లకు వాళ్ల పిల్లలున్నారు.

7. నిరంజన్ పోయిన ఆదివారం ఇంటికి వచ్చాడు. వాడిని కూర్చోబెట్టి సూటిగా అడిగాను. "మీ బావ తప్పు చేస్తే చెప్తవా?"

"చెప్తా బాపు. అక్కడ బావ అని పిల్వను, కెప్టెన్ అంట. మాకు ట్రైనింగ్‌ల నేర్పిన్రు. ఫస్టు మామూలుగ చెప్పాలె. వినకపోతే గట్టిగ చెప్పాలె. అయినా వినకపోతే విమానం నా చేతికి తీసుకోవాలె. అది రూలు."

"అయితే ఇప్పుడు చెప్పి చూపియ్యి" అన్నాను. రెండు కుర్చీలు పక్కపక్కన వేశాను. అల్లుడి కుర్చీలో నేను కూర్చుంటే వాడికి నవ్వొస్తుందని సరోజనను కూర్చోబెట్టాను. ఆమెకు మనుషులను అనుకరించడం బాగా వచ్చు. వాడు నిటారుగా కూర్చొని, "కెప్టెన్, స్పీడ్ ఎక్కువున్నది. దింపొద్దు, మళ్ల లేపుండ్రి" అన్నాడు. మంచి గొంతు. నా గుండె కొంచెం కుదుటపడింది. ఇక సరోజన వంతు. అల్లుడు గారు ఎట్లా చేస్తారో అట్లాగే మెడ కొంచెం పక్కకు వంచి, కళ్లద్దాల పైనుంచి వాడి దిక్కు ఒక చూపు చూసి, "ఏందిరా?" అన్నది. మెల్లగానే అన్నది.

నిటారుగా ఉన్నవాడు కుర్చీలో వెనక్కి ఒదిగాడు.

"ఏం లేదు బావా" అన్నాడు.

కుర్చీలో ఉన్నది వాళ్లమ్మ సార్. ముగ్గురం నవ్వబోయాం, కానీ నవ్వు రాలేదు. సరోజన కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది. అప్పటివరకు వీధి వీధీ తిరిగి చాటింపు వేసిన మనిషి, ఆ పూట నుంచి కాశీ ఊసెత్తడం లేదు. నిరంజన్ మళ్లీ నిటారుగా కూర్చొని, "మల్లొకసారి అంట బాపు" అన్నాడు. వాళ్లమ్మను వంటింట్లోంచి పిలిచి కూర్చోబెడితే మళ్లీ అన్నాడు. మళ్లీ అదే అయింది.

"పోనీ నువ్వే ఆఫీసుల చెప్పి డ్యూటీ మార్పించుకో" అన్నాను. "ఏమని చెప్పాలె? బావ ఎంత ఆశపడి ఏయించిండు. నేను వద్దంటే ఏమనుకుంటడు?" అన్నాడు. నేనైనా అదే అందును.

8. కావున తమరిని వేడుకొనునది ఏమనగా:

ఏదో ఒక సాకుతో గురువారం నాడు వీరిద్దరిలో ఒకరిని వేరే విమానానికి మార్చవలెను. సాకులు కార్యాలయాలకు కొత్త కాదు.

అది వీలు కాకపోతే బంధుత్వం లేని పైలట్‌ను ఇంకొకరిని, వీలైతే నోటి దురుసు ఉన్నవారిని, వారి వెనుక సీట్లో కూర్చోబెట్టవలెను.

అదీ కాకపోతే ఇకమీదట అల్లుడు, బావమరిది, మామ, వియ్యంకుడు అను వరుసలు గలవారు ఒకే విమానం నడపరాదని దేశమంతటికీ ఒక రూలు చేయవలెను. వైద్య పరీక్షలో బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, కళ్లు చూస్తారు. వరుస కూడా అడగవలసిందని నా మనవి. రూలు దేశానికంతటికీ అయితే మా అల్లుడికి అనుమానం రాదు.

మేమిద్దరం ప్రయాణం మానుకోవచ్చు కదా అని తమరు అడుగుతారు. ఆ ఆలోచనా చేశాను. మేము మానుకుంటే మేము బతుకుతాం. వాళ్లిద్దరూ మాత్రం అదే విమానంలో పక్కపక్కన కూర్చునే ఉంటారు.

నా ఇంటి గుట్టు ఇంతకంటే విప్పడానికి మిగలలేదు. తమరు దీనిని చిత్తగించవలెను, చిత్తగించినట్టు మా అల్లుడికి తెలియనీయకుండా ఉండవలెను.

తమ విధేయుడు
(ఇంటల్లుడికి అంతకంటే విధేయుడు)
లక్ష్మీరాజం
మందమర్రి కాలనీ

తా.క.: అయ్యా, కవరు అంటించబోతుండగా అల్లుడు గారి ఫోను వచ్చింది. సంస్థలో ఏవో డ్యూటీలు మారాయట. గురువారం కాదు, రేపే ప్రయాణమట. విమానం అదే, మనుషులు ఇద్దరూ వాళ్లే. పొద్దున్నే బట్టలు సర్దుకొని హైదరాబాద్ రమ్మన్నారు.

"సరే" అన్నాను.

నా గొంతులో ఏదో తేడా వినబడినట్టుంది. "ఏంది మామా, భయమైతుందా?" అని అడిగారు. లేదన్నాను. "ఏమన్న ఉంటే చెప్పుండ్రి మామా. నా దగ్గర దాచుడేంది? నేనేమన్న పరాయోన్నా?" అన్నారు. అంత ప్రేమగా అడిగారు సార్. చెప్పడానికి అంతకంటే మంచి తరుణం దేవుడు కూడా ఇవ్వడు. నోరు తెరిచాను. సరోజన నా పక్కకు వచ్చి నిలబడి, చెప్పు చెప్పు అని కళ్లతోనే బతిమాలింది. "మీకు స్వీటు ఏం తెమ్మంటరు?" అని అడిగాను.

ఇక తపాలా పనికిరాదు. ఈ అర్జీని రేపు చేతిలోనే పట్టుకొని వస్తాను. విమానాశ్రయంలో యూనిఫాం వేసుకొని కనబడిన మొదటి మనిషికి ఇస్తాను. కాబట్టి పైన అధికారి గారు అని ఉన్నచోట, ఇది చదువుతున్నది తమరు ఎవరైతే వారు అని దిద్దుకొని చదవగలరు. పెద్ద హోదా అక్కర లేదు. టికెట్లు చూసేవారైనా సరే, సామాను మోసేవారైనా సరే, ఊడ్చేవారైనా సరే. ఇది పూర్తిగా చదువుతూ నిలబడవద్దు. కాశీ విమానం తలుపు వేయకముందే లోపలికి పోయి, ముందు గదిలో ఎడమ పక్కన, కెప్టెన్ సీట్లో కూర్చున్న మనిషితో ఒక్క మాట చెప్పండి. పక్కవాడు ఊరుకున్నాడంటే అంతా బాగున్నట్టు కాదని, వాడిని మాటమాటకూ అడగమని, వాడు "ఏం లేదు" అంటే అసలే నమ్మవద్దని గట్టిగా చెప్పండి. ఆయన వింటారు. ఆయన వినే మనిషే.

మాకు లేని అర్హత తమరికి ఒక్కటి ఉన్నది. తమరు ఆయనకు ఏమీ కారు.